పి. కుమార్ చనిపోయిన సంవత్సరం

పోయిన వారం ప్రసన్నకుమారిని వడమాలపేటలో ఆమె ఇంటి గడప మీదే నిలబెట్టి వచ్చాం. చెన్నై నుంచి సుజన అనే అమ్మాయి నలభై ఏళ్ళనాటి రికార్డొకటి పట్టుకుని వచ్చి, "ఇందులో పియానో వాయించిన పి. కుమార్ మీరేనా మేడమ్?" అని అడిగి, జవాబు దొరక్కుండానే వెళ్ళిపోయి నాలుగు రోజులైంది. ఆలోచించుకుని చెబుతానంది ప్రసన్నకుమారి. కానీ ఆలోచించలేదు. అరవై ఏడేళ్ళ మనిషికి ఆ ప్రశ్న గురించి కొత్తగా ఆలోచించడానికి ఏముంటుంది? నాలుగో రోజు పొద్దున పది గంటలకు ఇంటి ముందు తెల్లకారు ఆగింది. అందులోంచి హరినాథ్ దిగాడు. ముప్పై మూడేళ్ళ తర్వాత.

ఒకప్పుడు మద్రాసు మౌంట్‌రోడ్డు హోటల్లో అతను డ్రమ్స్ వెనక కూర్చుంటే వడ్డించేవాళ్ళు కూడా పళ్ళేలు పట్టుకుని నిలబడిపోయేవారు. ఇప్పుడు ఇంటి మూడు మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకున్నాడు.

"టోల్‌గేటు కాడ్నించి ముగ్గుర్ని అడిగినా," అన్నాడు ఆయాసపడుతూ. "పియానో టీచరంటే ఎవురికీ తెలీలా. కీబోర్డు మేడమంటే సూపించినారు."

"ఈడ పియానో యాడుండాది హరీ, తెలియడానికి? రా, కూసో."

ముందుగదిలో రెండు కీబోర్డులు, వాటి మీద పాత చీరలతో కుట్టిన ముసుగులు, ఆరు ప్లాస్టిక్ కుర్చీలు. సాయంత్రం అయిదింటికి పిల్లలు వస్తారు. ఒక్కొక్కరూ అదే పుట్టినరోజు పాట అదే తప్పుతో వాయిస్తారు. ఆ తప్పు దిద్దడం మానేసి ఏడాది దాటింది. వేళ్ళు నొప్పి పుట్టి కాదు, నోరు నొప్పి పుట్టి.

కొత్తగా ఈ కథలోకి వచ్చినవాళ్ళ కోసం నాలుగు మాటలు. ప్రసన్నకుమారి నగరిలో పుట్టింది. తండ్రి సుబ్బన్న మగ్గం నేసేవాడు, ఆదివారాలు చర్చిలో పాటలు ఎత్తేవాడు. ఆమె కాళ్ళు చర్చి హార్మోనియం పెడళ్ళకు అందని వయసులో, కింద కూర్చుని రెండు చేతులతో ఆ పెడళ్ళు నొక్కింది ఆయనే. చిత్తూరు మిషన్ హాస్టల్లో పియానో నేర్చుకుంది. ఇరవై ఒకటో ఏట మద్రాసు వెళ్ళి, ఒక సాయంత్రం హోటల్ తలుపు సందులోంచి జాజ్ విన్నది. అమెరికా నల్లవాళ్ళ కష్టంలోంచి పుట్టిన ఆ సంగీతంలో, రాసిన పాట రెండు నిమిషాల్లో అయిపోతుంది. మిగతాదంతా వాయించేవాడు అక్కడికక్కడ అల్లుకుంటూ పోవాలి. ఆ అల్లిక ఆమెకు కొత్తగా అనిపించలేదు. పన్నెండేళ్ళు మద్రాసు హోటళ్ళలో వాయించింది. మేనేజర్లు ఆమెను స్తంభం చాటున కూర్చోబెట్టేవారు, ఆడమనిషి బారులో కనపడితే గొడవలొస్తాయని. పదకొండు పాటలు కట్టింది. వాటిలో ఆరు, 1985 అక్టోబరులో వడపళని స్టూడియోలో రెండు రోజులపాటు రికార్డు చేశారు. వాయించినవాళ్ళు అయిదుగురు. నాయకుడు హరినాథ్. మిగతా ముగ్గురూ ఇప్పుడు లేరు. హోటళ్ళకు డిస్కోలు వచ్చాయి, బృందం చెదిరింది, ఆమె తిరుపతిలో ఒక బడిలో సంగీతం టీచరై, రిటైరై, ఈ ఇంట్లో తేలింది. పెళ్ళి సంగతి మూడు వారాల క్రితమే చెప్పుకున్నాం. కాలేదు. సొంత పియానో కూడా ఆమెకు ఎన్నడూ లేదు.

రికార్డు అట్ట మీద మాత్రం ఇంగ్లీషులో 'పియానో: పి. కుమార్' అని పడింది. ప్రెస్సువాడు చివరి అక్షరం మింగేశాడని అప్పుడు హరినాథ్ చెప్పాడు. ఆమె నమ్మింది. తన కాపీ మీద బాల్‌పెన్నుతో ఆ అక్షరం తనే చేర్చుకుంది.

హరినాథ్ మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. చేతులు వణుకుతున్నాయి. డ్రమ్మరు చేతులు వణకడం చూస్తే ఆమెకు ఒక్క క్షణం అన్నీ మరిచిపోయి జాలేసింది.

"ఆ సుజన నీకాడికి వచ్చిందంట కదా," అన్నాడు.

"వచ్చింది."

"ఏం చెప్పినావు?"

"ఏం చెప్పలా. కాఫీ ఇచ్చి పంపించినా."

అతని భుజాలు కాస్త దిగాయి. "మంచి పని చేసినావు కుమారీ. విదేశాల్లో ఒక చిన్న కంపెనీ మన రికార్డును మళ్ళా ఏస్తాదంట. ఆడ మన పాటలు యాభై మందో నూరు మందో ఎతుక్కోని ఎతుక్కోని ఇంటా ఉండారంట. ఇన్నేండ్లకి. మనల్ని ఈడ ఒక నాయాలూ పట్టించుకోలే."

"వెయ్యనీ. నీకు మంచిదే కదా."

"నీతో ఒక మాట చెప్పాల. నలబై ఏండ్లుగా గొంతులో ఇరుక్కోనుండాది." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ పేరు ప్రెస్సోడి తప్పు కాదు. నేనే అట్ల వెయ్యమన్నా."

రోడ్డు మీద పుత్తూరు బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. ప్రసన్నకుమారికి ఆశ్చర్యపోవాల్సిన చోట ఆశ్చర్యం రాలేదు. ఎక్కడో అడుగున ఈ సంగతి తనకు తెలిసే ఉంటుందని అనిపించింది. తెలిసి, అడిగే ఓపిక లేక, ఆ ప్రెస్సువాడెవరో ముఖం తెలియని మనిషి మీదికి తోసేసి ఉంటుంది.

"ఎందుకు?"

"చెప్తే నీకు బాధ."

"ఇంత దూరం వచ్చింది బాధ లేకుండా పోడానికా? చెప్పు."

హరినాథ్ కిటికీలోంచి బయటికి చూశాడు. "మీ నాయన వచ్చినాడు. రికార్డింగ్ రెండోనాడు. నువ్వు లోపల ఉండావు. స్టూడియో గేటు కాడ నిలబడుకోనుంటే నేనే బయటికి పోయినా. తెల్లపంచ, భుజాన తువ్వాల. 'అబ్బా హరినాథూ, ఆ రికార్డు మీద మా పాప పేరు ఎయ్యద్దు. బారులో వాయిస్తాదని నగిర్లో తెలిస్తే సంబంధాలు రావు, చర్చిలో నేను తలెత్తుకోలేను' అని చేతులు పట్టుకోని ఏడ్చినాడు. నన్నేం చెయ్యమంటావు? పెద్దాయన. సరేనన్నా. కుమారి కాస్తా కుమారయింది."

ఇప్పుడు మాత్రం ఆమెకు కూర్చున్న కుర్చీ కాళ్ళు నేలమీద లేనట్టయింది.

నాయన. ఆ ఆరు పాటల్లో చివరిది నాయన మగ్గం చప్పుడు మీద కట్టిన పాట. రికార్డు మీద దానికి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టారు గాని, నోటుబుక్కులో దాని పేరు 'సుబ్బన్న మగ్గం'. ఎడమచేతిలో, మగ్గం మీద దారం మోసే నాడె అటూ ఇటూ పోతున్నట్టు ఏడు మాత్రల నడక. ఆ పాట లోపల వాయిస్తున్న పూటే ఆయన గేటు దగ్గర నిలబడి కూతురి పేరు తీసేయమని బతిమాలుతున్నాడన్నమాట! కోపం రావలసింది. రాలేదు. ఒళ్ళంతా బస్సులో నిలబడి వచ్చినట్టు నీరసం. చివరి రోజుల్లో ఆయనకు నోట్లో జావ పోసింది తనే. అన్నాళ్ళూ ఆ నోరు ఈ మాట దాచుకుందా?

"ఇప్పుడెందుకు చెప్తా ఉండావు?" అంది.

హరినాథ్ చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. "ఏం లేదు కుమారీ. ఆ పిల్ల మళ్ళా వస్తాది, గుచ్చి గుచ్చి అడగతాది. నువ్వు కాదని చెప్పేయ్. మీ నాయన కోరిక అట్లనే ఉండిపోతాది. దీని మీద ఒక సంతకం పెడితే సాలు, ఆ రికార్డుతో నీకు సంబంధం లేదని."

ఆమె కళ్ళజోడు పెట్టుకుని చదివింది. మొదటి పేరా చదివి, రెండోది చదివి, మళ్ళీ మొదటిది చదివింది.

"ఆరు పాటలూ నువ్వు కట్టినావని ఉండాది."

"అది... వాళ్ళు ఎవురిదో ఒకరిది పేరు ఉండాల అన్నారు."

"పి. కుమార్ తొంబై ఒకటిలో సచ్చిపోయినాడని ఉండాది."

"ఫోటో అడిగినారు. అడ్రసు అడిగినారు. ఏం చెప్పేది?"

"ఏం జబ్బుతో?"

"ఏంది?"

"ఏం జబ్బుతో సచ్చిపోయినా అని అడగతా ఉండా."

"కామెర్లు," అన్నాడతను నేలకేసి చూస్తూ.

ప్రసన్నకుమారికి నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. తొంభై ఒకటిలో తనకు నిజంగానే కామెర్లు వచ్చాయి. ఇరవై రోజులు పడుకుంటే, ఎగ్మోరు నుంచి రోజూ ఇడ్లీలు తెచ్చిచ్చింది ఈ హరినాథే. అబద్ధానికి కూడా కొత్త జబ్బు వెతుక్కోలేకపోయాడు పాపం.

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో ఆమె సంతకం పెట్టేసేదే. కాదనడానికి కూడా కొంత బలం కావాలి. పేరు వస్తే ఏమవుతుంది? సుజన మళ్ళీ వస్తుంది, కెమెరా తెస్తుంది, ఆ రోజుల గురించి చెప్పమంటుంది. స్తంభం చాటు గురించి, మేనేజర్ల గురించి, సాయంత్రం ఏడు నుంచి పదకొండు దాకా ఎవరూ వినని చోట వాయించడం గురించి. వాయించమంటుంది కూడా. ఈ వేళ్ళతోనా? అదీగాక, నాయన వద్దన్నాడు. చచ్చిపోయిన మనిషి కోరిక. దానికి ఎదురు నిలబడి పోట్లాడితే గెలిచి చేసేదేముంది?

"పెన్నియ్యి," అంది.

హరినాథ్ గబగబా జేబు తడుముకున్నాడు. పెన్ను అందుకుంది. కాగితం మోకాలి మీద పెట్టుకుంది. అప్పుడు ఎందుకో, ఒక్కసారి తమ్ముడి గొంతు వినాలనిపించింది. నాయన సంగతి తెలిసిన మనిషి ఈ భూమ్మీద వాడొక్కడే మిగిలాడు.

"ఉండు. మా జోయల్‌తో ఒక మాట మాట్లాడొస్తా."

"ఇప్పుడు వాడెందుకు?" అన్నాడు హరినాథ్ కొంచెం తొందరగా.

"ఊరికినే. కాఫీ పొయ్యి మీద పెట్టి వస్తా. కూసో."

పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని ఫోను చేసింది. జోయల్ అరక్కోణంలో రైల్వే ఉద్యోగి, ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాడు. తమ్ముడి వెనకనుంచి స్టేషను మైకు తమిళంలో ఏదో చెబుతోంది.

"అక్కా, ఏంది ఈ టైములో? ఒళ్ళు బాగుండాదా?"

"బాగుండాలే. ఒరే జోయలూ, నాయన నా రికార్డు గురించి నీతో ఎప్పుడన్నా ఏమన్నా చెప్పినాడా? దాని మీద నా పేరు ఉండకూడదని?"

"నాయనా? ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురో ఒకరు. రికార్డింగ్ అప్పుడు మద్రాసుకు వచ్చి చెప్పినాడంట. ఎనబై ఐదు అక్టోబర్లో."

ప్లాట్‌ఫారం చప్పుడు తగ్గింది. జోయల్ ఎక్కడో గదిలోకి వెళ్ళినట్టున్నాడు.

"అక్కా, ఎనబై ఐదు అక్టోబర్లో నాయన యాడికీ పోలా. మంచమే దిగలా."

"ఏందిరా నువ్వనేది?"

"ఆ వానలకి చర్చి పైకెక్కి పెంకులు సర్దతా జారి పడినాడు. మోకాలి కింద ఎముక ఇరిగింది. మునెయ్య మామ, నేను జీపులో ఏసకపోయి పుత్తూరులో కట్టు కట్టించినాం. కాలికి ఎదురుబద్దలు, పసరు, గుడ్డ. ఆరు వారాలు కదలద్దన్నారు. దొడ్డికి కూడా నేనే ఎత్తకపోయినా అక్కా, నాకు తెలీదా?"

ఆ ఏడు క్రిస్మస్‌కి ఆమె ఇంటికి వెళ్ళినప్పుడు నాయన కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఏమైందంటే కాలు బెణికిందన్నాడు. తను మరీ మరీ అడగలేదు. అప్పుడు తన తలనిండా పాటలే.

"నాకెందుకు చెప్పలేదురా?"

"ఆయనే చెప్పనీలా. 'పాప రికార్డింగులో ఉండాది, తెలిస్తే అన్నీ ఇడ్సిపెట్టి వచ్చేస్తాది, మళ్ళా ఆ అవకాశం వస్తాదో రాదో' అని నాతో ఒట్టేయించుకున్నాడు. ఆయన పొయ్యి ఇన్నేండ్లయింది, నేనూ మర్సిపోయినా. ఇంకొకటి చెప్తా, తిట్టొద్దు. రికార్డు ఇంటికి వచ్చినాక నాయన దాన్ని తువ్వాల్లో చుట్టుకోని నేసేవాళ్ళ ఇండ్లన్నీ తిరిగినాడు, మా పాప వాయించిందని. ఆయనకి ఇంగ్లీషు రాదు కదా. పేరు యాడుండాదో సూపించు అంటే, నేనే యేలు పెట్టి సూపించి 'పి. కుమారి' అని సదివినా. తప్పు పడిందని చెప్పేదానికి నోరు రాలా. అందురికీ ఆ యేలు పెట్టిన సోటే సూపించినాడు."

ప్రసన్నకుమారి ఫోను చెవి దగ్గర పెట్టుకునే కూర్చుంది. కళ్ళు తడవలేదు. గుండెల మీద ఇంతసేపూ ఎవరో పెట్టిన రాయి ఒకటి దిగింది. అది దిగాక గానీ ఎంత బరువుందో తెలియలేదు. పట్టుమని అరగంట కూడా మోయలేదు దాన్ని. ఆ అరగంటలోనే తండ్రిని నమ్మడం మానేసిందే! హరినాథ్ చేసిన తప్పుకన్నా అదే ఎక్కువ సిగ్గనిపించింది.

"అక్కా? ఉండావా?"

"ఉండా. సాయంత్రం చేస్తాలే," అని పెట్టేసింది.

కాఫీ పొంగి పొయ్యి ఆరిపోయింది. మిగిలినది రెండు గ్లాసుల్లో సర్దింది. ముందుగదిలోకి వచ్చి ఒకటి అతనికిచ్చింది. సంతకం లేని కాగితం కుర్చీ చేతి మీదే ఉంది.

"హరీ, ఒకటి అడగతా. ఆ దినం మా నాయన నీకాడికి ఎట్ల వచ్చినాడు?"

"ఎట్లంటే?"

"రైల్లో వచ్చినాడా, బస్సులో వచ్చినాడా అని."

"రైల్లోనే," అన్నాడు హరినాథ్, కాఫీ ఊదుకుంటూ. ప్రశ్న సులువుగా ఉండడంతో ముఖంలోకి కాస్త ధైర్యం వచ్చింది. "సెంట్రల్లో దిగి, సిటీ బస్సులు తెలీక, వడపళని దాకా నడిచే వచ్చినాడంట పాపం. చెప్పులు కూడా అరిగిపొయ్యుండె. ఆ వయసులో అంత దూరం నడిచి వచ్చినోడి మాట ఎట్ల కాదనేది, నువ్వే చెప్పు."

ఆమె ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది. గొంతు పెంచలేదు. పెంచే ఓపికే ఉంటే ఈ కథ నలభై ఏళ్ళ క్రితమే తేలిపోయేది.

"మా నాయన ఆ నెలంతా కాలిరిగి, పుత్తూరు కట్టుతో మంచంలో ఉండాడు హరీ. దొడ్డికి కూడా నడవలా. వడపళనికి ఎట్ల నడిచినాడు?"

హరినాథ్ చేతిలో గ్లాసు ఆగిపోయింది. కాఫీ అంచు దాటి వేళ్ళ మీద పడింది. చెయ్యి విదిలించుకోలేదు.

"పాటలు నీవని రాసుకున్నావు, రాసుకో," అంది. "నన్ను సంపినావు, సంపుకో. నాకు దాంతో పని లేదని పెన్ను కూడా పట్టుకున్నా. సూసినావు కదా? కానీ మా నాయన్ని యాల ఎత్తకొచ్చినావు? సచ్చి మట్టిలో ఉండేటోడి సేత ఏడిపించి, నీ కాళ్ళకాడ నిలబెట్టినావే!" కాగితాన్ని మడతల వెంబడే మళ్ళీ మడిచి అతని జేబులో పెట్టింది. "ఇప్పుడు నువ్వు పొయ్యి ఆ కంపెనీకి రాయి. పి. కుమార్ అంటే ప్రసన్నకుమారి, నగిరి సుబ్బన్న కూతురు, బతికే ఉండాదని రాయి. నువ్వు రాయకపోతే నేను రాస్తా."

పైన ఫ్యాను తిరుగుతోంది. అతను ఏడుస్తాడనుకుంది. బతిమాలతాడనుకుంది. రెండూ చేయలేదు. అలిసిపోయిన మనిషి తలుపు తీసినట్టు మెల్లగా నోరు తెరిచాడు.

"మీ నాయన రాలేదు. ఒప్పుకుంటా," అన్నాడు. "కానీ గేటు కాడికి మనిషి వచ్చిన మాట అబద్ధం కాదు కుమారీ. ఏడ్చిన మాట, నీ పేరు ఎయ్యద్దన్న మాట, ఏదీ అబద్ధం కాదు. మనిషిని మాత్రమే మార్చినా."

"ఎవురు వచ్చినారు?"

"ఆ పేరు నా నోటితో చెప్పనని మాటిచ్చినా. ఈ కాగితం కూడా నేను రాసింది కాదు."

"హరీ, ఎవురు?"

అతను కిటికీ వైపు తల తిప్పాడు. ప్రసన్నకుమారి కూడా అటు చూసింది. ఇందాకటినుంచీ ఫ్యాను చప్పుడనుకుంటున్నది ఫ్యానుది కాదని అప్పుడు తెలిసింది. బయట ఎండలో తెల్లకారు ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది. వెనక సీటు నల్లటి అద్దం మెల్లగా, సగం దాకా కిందికి దిగింది.